మట్టికీ ఒక పేటెంటు

మట్టితో మురికి వదిలించడమేమిటని కారున్నవాళ్ళు ఆశ్చర్యపోతే పోనీండి, గిన్నెలు తోమిన మనకు అందులో వింతేముంది? శ్రీకాకుళం జిల్లా బుడితిలో పోతపోసిన కంచు చెంబులూ, ఇత్తడి బిందెలూ మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో మెరిసింది చింతపండుతో, మెత్తని మట్టితోనే కదా! పులుపు చిలుమును కరిగిస్తే, మట్టి దాన్ని రుద్ది తనలోకి లాక్కుంటుంది.

స్టీలు గిన్నెలొచ్చి ఆ తోముడు తగ్గింది. ఆ వైభోగం ఇప్పుడు కార్లకు పట్టింది. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను కారు రంగులో గుచ్చుకుని కూర్చుంటుంది. ఉత్త సబ్బునీళ్ళకు లొంగదు. చేత్తో తడిమితే గరుగ్గా తగులుతుంది. సబ్బునీళ్ళు చల్లి, ‘క్లే బార్’ అనే ముద్దను పైపైన జారిస్తే, ఆ రజను ముద్దకు అంటుకుని వచ్చేస్తుంది. పేరుకు మట్టే గాని, సాగే పదార్థంలో సన్నని గరుకుపొడి కలిపి చేసిందది. జపానుకు చెందిన ఒకాయన పేరున అలాంటి ముద్దకు 1995లో అమెరికా పేటెంటు దక్కింది. ఆ పత్రంలో దాన్ని వంగే సానరాయి అన్నారు.

సానరాయి అన్నాక జాగ్రత్త తప్పదు. తడి చాలకపోయినా, నేలమీద పడ్డ ముద్దను మళ్ళీ వాడినా గీతలు పడతాయి. చెంబు మీద గీతలు పడకూడదని మట్టిలో ఇసుక లేకుండా జల్లించుకున్న ఇల్లాళ్ళకు ఈ సంగతి ఏ పేటెంటూ నేర్పలేదు సుమండీ!

బుడితి కంచు, ఇత్తడి పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పోసిన చేతులకు పేరొచ్చింది. మరి తరతరాలుగా తోమి, ఆ మెరుపు నిలబెట్టిన చేతులకో?