ఆ గదిలో లేని డాక్టరు

పంజగుట్ట మీదుగా హైటెక్ సిటీకి వెళ్లే ప్రతిసారీ నిమ్స్ ఆసుపత్రి గేటు దగ్గర నా మనసు ఒక్క క్షణం ఆగిపోతుంది.

1990లో, ఇప్పుడు హైటెక్ సిటీ ఉన్న మాదాపూర్ అంటే ఇంకా బండరాళ్లూ తుప్పలే. ఆ ఏడు ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ కుర్రాడొకడు, జ్వరం తిరగబెడుతోందని తన కాళ్ల మీద నడిచి ఆ ఆసుపత్రికి వచ్చాడు. ఎక్స్‌రేలో ఛాతీ ఎడమపక్క, వెన్నుకు దగ్గరగా గడ్డ కనబడింది. ఇంటివాళ్లు ఒప్పుకున్నది బయాప్సీ వరకే. అక్టోబరు 23న ఛాతీ తెరిచి గడ్డే తీసేశారు. ఆ తర్వాత అతని కాళ్లు కదల్లేదు.

వెన్ను పక్క గడ్డ నరాలకు సంబంధించినదై ఉండొచ్చు. అయినా ఆ ఆపరేషన్లో న్యూరోసర్జన్‌ను కలుపుకోలేదు. నన్ను ఇప్పటికీ కలచివేసేది ఇదే. అడగాల్సిన మనిషిని అడగలేదు, అంతే. ఆ 'అంతే'కి ఒక నిండు జీవితం కుర్చీలో కూలబడింది.

1998 నవంబరులో అదే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. మూడు నెలలకు జాతీయ వినియోగదారుల కమిషన్ అతనికి పదిహేనున్నర లక్షలు ఇమ్మంది. అప్పీళ్లు నడిచాయి. అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరయ్యాడు. చివరికి సుప్రీంకోర్టులో చక్రాల కుర్చీలోంచి తన కేసు తానే వాదించుకున్నాడు. గుండెల్లో అంత గాయమున్నా ఒక్క పరుషమైన మాట అనలేదని న్యాయమూర్తులు తీర్పులోనే రాశారు. 2009 మే 14న కోటి రూపాయలూ, వడ్డీ ఇప్పించారు. బయాప్సీకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు సమ్మతి కాదన్నారు. అప్పటికి దాదాపు పందొమ్మిదేళ్లు.

ఆ తీర్పుకు ముందటేడు, 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకు ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. మత్తు ఇచ్చే ముందు రోగినే అడగాలి: పేరేమిటి, ఏ ఆపరేషన్, ఒప్పుకున్నావా అని. బృందంలో అందరూ తామెవరో చెప్పుకోవడం మాత్రం కత్తి పెట్టే ముందు. పూర్తి మత్తు ఇస్తే, అప్పటికి రోగికి స్పృహ ఉండదు.

మొన్న గచ్చిబౌలి వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో మా అన్నయ్యను డిశ్చార్జి చేశారు. ఒక డాక్టరు ఆపమన్న బీపీ మాత్రను ఇంకో డాక్టరు మళ్లీ రాశాడు. వదిన చూసింది కాబట్టి సరిపోయింది. బిల్లు కౌంటర్లో ఒకమ్మాయి ట్యాబ్ చేతికిచ్చింది. భోజనం ఎలా ఉంది, గది శుభ్రంగా ఉందా, పార్కింగ్ దొరికిందా, చుక్కలు నొక్కండి అని.

"డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా అని అడగరామ్మా ఇందులో?" అంది వదిన.

ఆ పిల్ల తెరను పైకీ కిందికీ జరిపి చూసింది. "లేదండీ," అంది, నిజంగానే బాధపడుతూ.