గులకరాళ్ళ తీరాన గాలం

విశాఖ జాలారిపేటలో జాలర్లు వల లాగుతుంటే చూస్తూ పెరిగినా, నేను గాలం పట్టింది ఈ దేశంలోనే, డోర్సెట్‌లోని చెసిల్ బీచ్‌లో. ‘లైసెన్సు లేదే!’ అని భయపడితే పక్కనున్న పెద్దాయన నవ్వాడు. ఇంగ్లండులో నదిలో గాలం వేయాలంటే లైసెన్సు కావాలి. సముద్రతీరాన, సాల్మన్ వంటి చేపలకు తప్ప, అక్కర్లేదు. ఆటుపోట్ల నీటిలో చేపలు పట్టే హక్కు ప్రజలందరిదీ.

ఇది 1215 నాటి మాగ్నా కార్టా ఇచ్చిన వరమని చెప్పుకుంటారు. తీరా చదివితే, నదుల్లో చేపలకోసం కట్టిన అడ్డుకట్టలను తీసేయమన్నదే అందులోని 33వ షరతు. సముద్రతీరాన్ని అది మినహాయించింది. హక్కును నిలబెట్టినవి తరువాతి న్యాయస్థానాలు.

హక్కుకు హద్దూ ఉంది: 2015 నుంచి 42 సెంటీమీటర్లకు తగ్గిన సీబాస్‌ను వదిలెయ్యాలి. మా అబ్బాయి పట్టిన మొదటి చేప 38. కళ్ళనీళ్ళతోనే వదిలాడు. ఆ రోజు మా బుట్ట ఖాళీ. అయినా ఈ తీరం మాదీ అనిపించింది.