మొయ్యాలి, మోగకూడదు

వంటింటి అలమరలు బిగించే గోడ బరువు మొయ్యాలి. అవతల పడకగది ఉంటే మోగకూడదు కూడా. ఈ రెండు పనులకూ పొసగదు. మోసే గోడ బిగువుగా ఉండాలి. చప్పుడు ఆపే గోడకు రెండు ముఖాలూ ఒకదాన్నొకటి అంటుకోకూడదు.

పాత అమెరికా, ఇంగ్లండ్ ఇళ్లలో నిలువు కర్రల మీద సన్నని బద్దలు కొట్టి, సున్నం మెత్తేవారు. మన తడిక గోడకు దూరపు చుట్టం. పూత ఆరడానికి వారాలు పట్టేది. 1894లో అగస్టిన్ శాకెట్ కాగితం పొరల మధ్య ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి పలక చేసి పేటెంటు పొందాడు. 1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం అతని కంపెనీని కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పూతపనివాళ్లు కరువయ్యాక ఆ పలకదే రాజ్యం. పని తేలికైంది, గోడా తేలికైంది. లోపల బోలు, పైన పలుచని పలక: డప్పు ఇంకెలా ఉంటుంది?

అలమరలకూ ఓ చరిత్ర ఉంది. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు. పిండికి పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు పెట్టిందావిడ. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. కాళ్ల మీద నిలబడే బీరువాల స్థానంలో గోడ పొడవునా అమర్చిన అలమరలు వచ్చాయి.

చప్పుడును కొలిచే శాస్త్రానికి దారి వేసినవాడు హార్వర్డ్ భౌతికవేత్త వాలెస్ సెబైన్. గోడ బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం అదనంగా తగ్గే చప్పుడు సుమారు ఆరు డెసిబెల్సే. అందుకే బరువు పెంచడం కన్నా విడదీయడం మేలు. 2003 నుంచి ఇంగ్లండ్ నిబంధనలు కొత్త ఇళ్లలో పడకగది గోడ చప్పుడును కనీసం 40 డెసిబెల్స్ తగ్గించాలని అడుగుతున్నాయి.

పలకను స్ప్రింగులా ఊగే లోహపు పట్టీల మీద వేలాడదీయడం ఒక పద్ధతి. వంటింటి గోడకు నేనైతే ఒప్పుకోను. అలమర కోసం దించిన ఒక్క పొడుగు స్క్రూ పట్టీని దాటి కర్రలో దిగిందా, అంత ఖర్చూ బూడిదలో పోసినట్టే. వేర్వేరు కర్రలతో రెండు వరసలు, నడుమ ఖాళీ, అందులో రాతిపీచు (రాక్‌వూల్), వంటింటి వైపు పలక కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్: బరువంతా ఇవతలి వరసే మోస్తుంది, అవతలి వరసకు కబురే అందదు.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లన్నీ దాదాపు ఈ కర్రగోడలవే. అక్కడ కౌంటరు రాయిని పక్కగోడకు ఆనించేస్తే, పొద్దున్నే చట్నీ మిక్సీ అవతలి మంచంలో తిరుగుతుంది.