దారిబత్తెం: బండి నుంచి కారు దాకా



ప్రపంచంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణం చేసింది ఎవరనుకుంటున్నారు? ఏ దొరగారో, ఏ పందెగాడో కాదండీ. ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకున్న ఒక తల్లి. ఆవిడ పేరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనతో చెప్పకుండా బయటికి తీసి, 15, 13 ఏళ్ళ పిల్లలతో మాన్‌హైమ్ నుంచి పుట్టింటివారి ఊరైన ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణం కట్టింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో కొన్నది. గొట్టంలో నలుసు అడ్డుపడితే టోపీకి పెట్టుకునే సూదితో తీసేసింది. ఎత్తు వచ్చిన చోట పిల్లలు దిగి బండిని తోశారు. తెల్లవారుజామున బయలుదేరి పొద్దుగూకే వేళకు గానీ చేరలేదు. పుట్టింటికి వెళ్ళాలనుకున్న ఆడదాన్ని ఆపడం ఏ దేశంలోనూ కుదరదు కాబోలు!

ఆ ప్రయాణంలో ఒక సంగతి గమనించారా? అడుగడుగునా ఆగడమే. ఆగిన చోటల్లా దిగడం, నడవడం, ఊపిరి పీల్చుకోవడం. ఇప్పుడు మన కార్లు ఆగవు. బయలుదేరిన దగ్గర్నుంచి చేరే దాకా పిల్లలు వెనక సీట్లో కూర్చునే తింటారు. పిల్లల చేతికి మనం ఏమి ఇవ్వాలన్న ప్రశ్న అసలు అక్కడే మొదలవుతుంది.

మాది తలుపుల. కదిరికి దగ్గర. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. బెంగుళూరుకు పోవాలన్నా, తిరుపతి కొండకు పోవాలన్నా కొన్ని గంటలు దారిలోనే గడవాలి. అంచేత దారిబత్తెం కట్టడం మా ఇళ్ళలో ఒక విద్య. అత్తగారి నుంచి కోడలికి వచ్చే విద్య. అయితే ఆ విద్య ఎద్దుల బండి కోసం పుట్టింది. బండి మారినా మూట మారలేదు. ఇక్కడే కొంచెం చిక్కు వచ్చింది.

బండి రోజుల్లో ప్రయాణమంటే మజిలీ. పొద్దున్నే చల్లటి వేళ బండి కట్టి, ఎండెక్కేసరికి ఏ చింతతోపులోనో, బావి దగ్గరో విప్పేవాళ్ళు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. తిరుపతి, కడప మీదుగా వెళ్ళారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ పుస్తకం తిరగేస్తే ఒక ఇల్లాలి కళ్ళతో రాసినట్టే ఉంటుంది. ఈ ఊళ్ళో సరుకులు దొరుకుతాయా, నీళ్ళు మంచివేనా, దిగడానికి చోటుందా అని ప్రతి మజిలీకీ రాసుకుంటూ పోయారు.

నీళ్ళు మంచివేనా అన్న ప్రశ్న ఆ రోజుల్లో ప్రాణం మీది ప్రశ్న. మన దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండ దగ్గర ప్రయాణంలోనే కలరా తగిలి చనిపోయాడు. గవర్నరుగారి గతే అట్లా ఉంటే పిల్లలతో పోయే సామాన్యుల మాట చెప్పాలా? ఇంటి నుంచి మరచెంబులో నీళ్ళు పట్టుకుపోవడం, మూట కట్టింది తప్ప బయటిది ముట్టకపోవడం మన పెద్దవాళ్ళకు ఊరికే రాలేదు. దానికి మడి అని పేరు పెట్టి మనుషుల్ని దూరం పెట్టడం అన్యాయమే, దాన్ని నేను సమర్థించను. కానీ పొడి వస్తువును ఎంచుకోవడంలో ఉన్న తెలివి మాత్రం తెలివే.

ఆ మూటలో ఏముండేవి? మొదటిరోజుకు చద్దన్నం, పెరుగు కలిపి, ఊరగాయ ముక్క నంజుకోవడానికి. పోతనగారి భాగవతంలో గోపబాలురు చద్దులు ఆరగించే ఘట్టం మీ అందరికీ తెలిసినదే. అక్కడ కూడా చూడండి, పిల్లలు నడుస్తూ తినలేదు. లేగల్ని మేతకు వదిలి, గుండ్రంగా కూర్చుని తిన్నారు. చద్ది అయిపోయాక రెండో రోజు నుంచి అటుకులు, పేలాలు, వేయించిన శనగలు, బెల్లం, నువ్వుల ఉంటలు. మా వైపు బొరుగులు అంటాం, మీరు మరమరాలు అంటారు. బొరుగుల్లో పప్పులు, బెల్లం వేసుకుని బుక్కడం మాకు ఇప్పటికీ ఇష్టమే. తేమ లేనిది పాడవదు, కారనిది బట్టలకు అంటదు, బరువు లేనిది మోయడానికి కష్టం కాదు. లెక్క అంతే.

ఇప్పుడు మా ప్రాంతం పేరు చెబితే గుర్తొచ్చే వేరుశనగ ఆ పాత మూటలో లేదంటే మీరు ఆశ్చర్యపోతారేమో! అది మన పంట కాదు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. పేరులోనే ఆ గుట్టు దాగి ఉంది. శనగ మనకు పాత చుట్టం. కొత్తగా వచ్చినదాని కాయ నేలలో, వేళ్ళ దగ్గర ఉండడం చూసి వేరుశనగ అన్నారు. కన్నడం వాళ్ళకూ కడలె అంటే శనగ, కడలెకాయి అంటే ఇది. మా దగ్గర చెనిక్కాయలు, బుడ్డలు అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో సాగు పెరిగి, పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సుకు నూనె కోసం ఓడల్లో పోయేది. మా జిల్లాలో అయితే ఇరవయ్యో శతాబ్దంలో, అందునా ఆఖరి నాలుగైదు దశాబ్దాల్లో, కొర్రలనూ జొన్నలనూ పక్కకు నెట్టి మెట్టభూములన్నీ అదే ఆక్రమించింది. కదిరిలో దానికోసం పరిశోధన కేంద్రమే ఉంది. కదిరి-3, కదిరి-6, కదిరి-9 అని అక్కడి విత్తనాలకు మా ఊరి పక్క పేర్లే. ఇంట్లో బస్తాలు బస్తాలు ఉన్నప్పుడు ప్రయాణానికి మరొకటి కడతామా? కొర్రలు, నువ్వులు పోయి వేయించిన చెనిక్కాయలు, పాకంలో పట్టిన ఉంటలు మూటలోకి వచ్చి కూర్చున్నాయి.

రైలు కథ త్వరగా చెప్పేస్తాను. 1890ల మొదట్లో ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు మీటరు గేజి లైను పడింది. నిదానంగా పోయే బండి, ప్రతి స్టేషనులో ఆగేది. ఆగినప్పుడు తినడం, కదిలినప్పుడు కిటికీలోంచి చూడడం. మూటకు బదులు టిఫిన్ క్యారియర్ వచ్చింది, చిత్రాన్నం వచ్చింది, నిప్పట్లు వచ్చాయి. నిప్పట్లంటే మీ చెక్కలే.

కారు మన మధ్యతరగతి ఇంటి ముందుకు రావడానికి చాలా కాలం పట్టింది. 1950ల ఆఖర్లో వచ్చిన అంబాసిడర్ డాక్టర్లకూ, ఆఫీసర్లకూ, టాక్సీవాళ్ళకూ సరిపోయింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే ‘మనమూ కొనవచ్చు’ అని గుమాస్తా ఇంట్లో కూడా మాట పుట్టింది. దానితో బిస్కెట్ ప్యాకెట్టు, చిప్స్ ప్యాకెట్టు, చాక్లెట్టు వెనక సీట్లోకి చేరాయి. పిల్లవాడు అల్లరి చేస్తే చేతిలో ప్యాకెట్టు పెట్టడం! ఆకలికి కాదు, నోరు మూయించడానికి. ఉప్పు తిన్న పిల్లకు దాహం, దాహానికి తీపి పానీయం, దాని తర్వాత వాంతి. ఈ వరస మీకు నేను చెప్పాలా?

వాంతి సంగతి కొంచెం తెలుసుకుందాం. చెవి లోపల ఒంటి కదలికను పట్టే ఏర్పాటొకటి ఉంది. అది కదులుతున్నామంటుంది. కారు లోపల పుస్తకంలోకో, ఫోనులోకో చూస్తున్న కళ్ళు కదలడం లేదంటాయి. ఆ రెంటికీ పడక కడుపులో తిప్పుతుంది. రెండేళ్ళు దాటినప్పటి నుంచి పన్నెండేళ్ళ దాకా ఇది ఎక్కువ. అంచేత బయలుదేరే ముందు పూరీలు, నెయ్యి కారే హల్వా పెట్టి ఎక్కించకండి. ఖాళీ కడుపూ మంచిది కాదు. రెండు ఇడ్లీలు, లేదా కొంచెం పెరుగన్నం చాలు. కిటికీలోంచి దూరపు కొండలు చూడమనండి. మా దారుల్లో కొండలకు కొదవ లేదు.

వాంతి అయితే బట్టలు పాడవుతాయి, అంతే. నేను భయపడేది మరొకదానికి. ఆ వేయించిన చెనిక్కాయలకు.

1897లో జర్మనీలో గుస్టావ్ కిల్లియన్ అనే డాక్టరు, ఒక రైతు ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న ఎముక ముక్కను గొట్టం దించి బయటికి తీశాడు. అంతకు ముందు ఇట్లాంటివాళ్ళు న్యుమోనియా అనుకుంటూనే పోయేవారు. తర్వాత అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే డాక్టరు జీవితమంతా ఇదే పనిలో గడిపాడు. ఆయన మనుషుల గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన వస్తువులు రెండు వేలకు పైగా ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో ఒక మ్యూజియంలో ఉన్నాయి. పిన్నులు, గుండీలు, నాణేలు. ఆయనకు వాటన్నిటికంటే భయం పుట్టించింది వేరుశనగ గింజ! దాని నూనె పసిపిల్లల ఊపిరితిత్తుల్లో మంట పుట్టించి వాపు తెస్తుంది. నాణెమయితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, గింజ కనిపించదు. చిన్నపిల్లలకు ఇవి ఇవ్వవద్దని ఆయన తల్లులకు చెబుతూనే ఉన్నాడు.

మన పెద్దవాళ్ళు పెట్టలేదా, మనం తినలేదా అంటారా? తిన్నాం. చెట్టు కింద కూర్చుని, అమ్మ ఎదురుగా ఉండగా తిన్నాం. కారు గుంతలో పడి ఎగిరినప్పుడు, అన్న గిలిగింత పెడితే పకపకా నవ్వినప్పుడు, నిద్రలో తూగుతూ తినలేదు. పైగా గొంతుకు పూర్తిగా అడ్డం పడితే పిల్ల ఏడవలేదు, దగ్గలేదు. చప్పుడే ఉండదు. ముందు సీట్లో ఉన్న మీకు తెలియదు. అన్ని పళ్ళూ వచ్చినా, గట్టి గింజను మెత్తగా నమిలే నేర్పు నాలుగైదేళ్ళు వస్తే గానీ కుదరదు. కాబట్టి అయిదేళ్ళ లోపు పిల్లలకు గింజగా ఉన్న వేరుశనగ, శనగలు, పప్పులు, పాప్‌కార్న్, గట్టి పిప్పరమెంట్లు కారులో వద్దు. ద్రాక్షపండయితే నిలువునా చీల్చి ఇవ్వండి.

ఒకవేళ అడ్డం పడిందే అనుకోండి. పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, కారు మాత్రం ఆపించండి. దగ్గూ ఏడుపూ రాకపోతే ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు గట్టిగా వేయాలి. రాకపోతే, ఏడాది దాటిన పిల్లకు వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన, లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. 1974లో హైమ్లిక్ అనే డాక్టరు చెప్పిన పద్ధతి ఇది. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద అయిదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్ళతో అయిదు నొక్కులు. అది బయటికి వచ్చేదాకా దెబ్బలు, నొక్కులు ఒకదాని తర్వాత ఒకటి చేస్తూనే ఉండాలి. పక్కవాళ్ళను 108కి ఫోన్ చేయమనండి. కనిపించకుండా నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, లోపలికి పోతుంది. అంతా సర్దుకున్నట్టున్నా, రెండు రోజులకు పిల్లిపిల్ల కూతలా ఊపిరి వినబడితే డాక్టరుకు గింజ సంగతి మీరే చెప్పండి.

అయితే మా చెనిక్కాయను మూటలోంచి తీసేయమని నేను చెప్పను, అదేమి న్యాయం! ముందు బాగా ఏరండి. ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు వాసనవి పారేయండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు చచ్చిపోతే, కారణం బూజు పట్టిన వేరుశనగ పిండిలోని విషమని తేలింది. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. మంచివి దోరగా వేయించి, పొట్టు తీసి, బెల్లంతో కలిపి రోట్లో మెత్తగా దంచండి. గింజ పలుకు చేతికి తగలకూడదు. ముదురు పాకం పట్టకుండా, ఆ నూనెకే ఉంటలు కట్టండి. చిన్నవాళ్ళకు గోలీలంత కాదు, చేత్తో చిదిపి పెట్టేట్టు మెత్తగా ఉండాలి. పెద్దవాళ్ళకు బొరుగులు, నిప్పట్లు, అరటిపండ్లు. నీళ్ళు ఇంటివే.

ఇంకొకటి, ఆ డబ్బా మీ ఒళ్ళో ఉండాలి, వెనక సీట్లో కాదు. రెండు గంటలకొకసారి కారు ఆపించండి. కదిరి దాటాక తిమ్మమ్మ మర్రిమాను వైపు పోయేవాళ్ళయితే ఎకరాల కొద్దీ నీడ ఉంది, పిల్లలు ఊడల మధ్య పరుగెత్తుతారు. అక్కడ దుప్పటి పరిచి కూర్చోబెట్టి డబ్బా మూత తీయండి.