ఇమ్యునోథెరపీలో ఇన్ఫెక్షన్ల ముప్పు: ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు తెలుసుకోవలసినవి

కోల్‌కతా: ఇమ్యునోథెరపీ పొందుతున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి జ్వరం, దగ్గు, ఆయాసం మొదలైతే వైద్యులు మూడు కారణాలను పరిశీలించాలి. క్యాన్సర్ ముదరడం, మందు ప్రభావంతో ఊపిరితిత్తులు వాయడం, ఇన్ఫెక్షన్ సోకడం. లక్షణాలు దాదాపు ఒకటే అయినా చికిత్సలు వేరు.

మందు ఎలా పనిచేస్తుంది?

రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు పీడీ-1 అనే ప్రొటీన్ కళ్లెం వంటిది. దీని ఆసరాతో క్యాన్సర్ కణాలు దాడిని తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి మందులు ఆ కళ్లేన్ని తొలగిస్తాయి. ఈ చికిత్సా విధానానికి పునాది వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

ముప్పు ఎందుకు?

కీమోథెరపీలా ఈ మందులు సాధారణంగా తెల్ల రక్తకణాలను తగ్గించవు. అయితే అదుపు తప్పిన టీ కణాలు ఆరోగ్యకరమైన అవయవాలపైనా దాడి చేయవచ్చు. ఊపిరితిత్తుల్లో కలిగే అటువంటి వాపే న్యుమోనైటిస్. దాన్ని తగ్గించేందుకు వారాల తరబడి ఇచ్చే స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి. ఇమ్యునోథెరపీ పొందిన 740 మంది మెలనోమా రోగులపై న్యూయార్క్ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. స్టెరాయిడ్లు లేదా ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో 13.5 శాతం మందికి, తీసుకోనివారిలో 2 శాతం మందికి తీవ్రమైన ఇన్ఫెక్షన్లు సోకినట్లు అందులో తేలింది.

క్షయతో జాగ్రత్త

ప్రపంచ క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనివే. శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ ఈ చికిత్స సమయంలో, స్టెరాయిడ్లు వాడకున్నా, బయటపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

దూరప్రాంతాల రోగులు

కోల్‌కతాలో 1950లో ప్రారంభమైన చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థకు, 2011లో ఆరంభమైన టాటా మెడికల్ సెంటర్‌కు తూర్పు, ఈశాన్య రాష్ట్రాల రోగులు వస్తుంటారు. ఇంటికి వెళ్లాక జ్వరం వస్తే మొదట చూసేది స్థానిక వైద్యుడే. ఆయనకు ఇమ్యునోథెరపీ విషయం తెలియకపోతే ఇన్ఫెక్షన్‌కు వాపు మందు, వాపునకు యాంటీబయాటిక్ ఇచ్చే ప్రమాదం ఉంది. మందు ఆపిన కొన్ని నెలలకూ దుష్ప్రభావాలు కనిపించవచ్చు. కనుక మందు పేరు, చివరి మోతాదు తేదీ రాసిన కాగితాన్ని వెంట ఉంచుకోవాలి.

జాగ్రత్తలు

• గతంలో క్షయ సోకి ఉంటే చికిత్సకు ముందే చెప్పాలి. హెపటైటిస్-బి పరీక్ష చేయించుకోవాలి.

• రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను 4 వారాలు వాడవలసివస్తే, న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ అవసరమేమో వైద్యుణ్ని అడగాలి.

• ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలపై సలహా తీసుకోవాలి.

• స్టెరాయిడ్లను సొంతంగా మొదలుపెట్టరాదు, హఠాత్తుగా ఆపరాదు.

• జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, ఆయాసం పెరిగినా అదే రోజు వైద్యుణ్ని సంప్రదించాలి.