పేలికల జెండా

మాది కడప జిల్లా చెన్నూరు. పెన్న ఒడ్డున ఊరు, ఊరి చివర మా మాదిగపల్లె. చలికాలమొస్తే మా యమ్మ బొంత కుట్టేది. చినిగిన చీర కింద పరిచి, దర్జీ అంగడి ముందర ఊడ్చిపారేసిన ముక్కలు ఏరకొచ్చి పేర్చి, పైన ఇంకో చీరేసి దబ్బనంతో కుట్టేది. రెడ్డోరింట్లో చాకిరీకి ఇచ్చిన పాతగుడ్డలూ అందులోకే. పక్కన కూచుని నేను దారం ఎక్కించేవాణ్ని. "ఆడంగోడు" అని మా పల్లెలోనే ఎగతాళి చేసేవాళ్లు. మగవాణ్ని ఇష్టపడే మగవాణ్నని నాకు అర్థమయ్యేలోపే ఊరు నాకు పేరు పెట్టేసింది.

చండాలురు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. పుస్తకం కాలింది గానీ పాతగుడ్డ మా ఒంటి మీంచి పోలేదు.

బతకడానికి హైదరాబాద్ పోయినాను. అక్కడ 2013లో మావంటి వాళ్ల తొలి ప్రైడ్ యాత్ర జరిగింది. తర్వాత ఒక యాత్రకు నేనూ పోయినాను. ఆరు రంగుల జెండా ఎక్కడిదని వెతికితే, 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్, ఆయన స్నేహితులు చేతులతో రంగులద్ది కుట్టినారంట. మొదట ఎనిమిది రంగులు. గులాబీ గుడ్డ దొరక్క ఆ రంగు తీసేసినారు. ఈ మాట చెప్తే మా యమ్మ నవ్వింది. "బొంత గూడా అంతే గదరా నాయనా, దొరికిన ముక్కే రంగు!"

1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లు కుట్టిన బొంత పరిచారు. 1,920 ముక్కలు, ఒక్కోటి మూడడుగులు ఆరడుగులు, సమాధంత. పోయినవాళ్ల బట్టలూ అందులో కలిపి కుట్టినారు. అక్కడ చనిపోయినవాళ్ల గుడ్డ ప్రేమకు గుర్తయింది. మాకది శిక్షగా తొడిగారు.

అందుకే మరుసటి యాత్రకు మా యమ్మా నేనూ దర్జీ ముక్కలతో ఆరు రంగుల జెండా కుట్టినాం. నీలం పట్టీ వెడల్పుగా పెట్టి దాని మీద జై భీమ్ అని కుట్టినాం. "వేస్టుతో ఎంత బాగా చేశారు!" అని మెచ్చుకున్నారు. ఒకాయన మాత్రం "ఇక్కడ కులమెందుకు, మనమంతా ఒకటే కదా" అన్నాడు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో మా ప్రేమ నేరం కాకుండా పోయింది. కానీ ఇల్లు బాడుగకు అడిగితే "మీరేమిటోళ్లు?" అనే ప్రశ్న పోలేదు. ఆయనను ఆ ప్రశ్న ఎవరూ అడిగుండరు.

నా సంగతి మా యమ్మకు నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు. యాత్ర నుంచి తెచ్చిన జెండాకు వెనకవైపు తన చీరేసి బొంత చేసింది. "చలికి కప్పుకో, వచ్చే ఏడు మళ్లీ పట్టుకపో" అంది.