గోడమీది విమానం

ఆస్ట్రేలియాలో విమానాలంటే ప్రాణం పెట్టేవాళ్ళ ఇంటికి వెళ్తే, ముందుగదిలోనో, ఇంటావిడ ఒప్పుకోకపోతే గరాజ్‌లోనో, ఒక పెద్ద నలుపు తెలుపు ఫోటో కనిపిస్తుంది. నాలుగు ప్రొపెల్లర్లు, డాల్ఫిన్ లాగా ఒంపు తిరిగిన ఒళ్ళు, వెనక ఒకటికి మూడు నిలువు తోకలు. అది లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. ఇక్కడివాళ్ళు దాన్ని ముద్దుగా ‘కానీ’ అంటారు. మన భాషలో ఆ మాటకున్న అర్థం కూడా ఈ కథలో పనికొస్తుంది.

ఆ విమానానికి ఈ దేశంలో ఇంత మర్యాద ఊరికే రాలేదు. 1947 డిసెంబరు 1న క్వాంటాస్ వారి కాన్‌స్టెలేషన్ 29 మంది ప్రయాణీకులతో, 11 మంది సిబ్బందితో సిడ్నీలో బయలుదేరింది. డార్విన్, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో ఆగుతూ నాలుగు రోజులకు లండన్ చేరింది. ఓడ మీద వారాలు పట్టే దూరం అది. ఆ దారికి ‘కాంగారూ రూట్’ అని పేరు. 1954లో ఇంకా పొడవైన సూపర్ కాన్‌స్టెలేషన్లు వచ్చాయి. ఇప్పుడు ఫ్రేములు కట్టించుకునే బొమ్మల్లో చాలా భాగం ఆ రోజులవే.

వాటిలో ఎక్కువగా విమాన కంపెనీలు ప్రచారం కోసం తీయించినవే ఉంటాయి. అద్దంలా మెరిసే అల్యూమినియం, మెట్ల మీద నవ్వుతూ ఎయిర్ హోస్టెస్, టోపీలు పెట్టుకున్న దొరలు, చేతి తొడుగుల దొరసానులు. పెళ్ళిచూపులకు పంపే ఫోటో లాంటిదన్నమాట! ఇంజన్ల హోరు గానీ, గంటల తరబడి కుదుపులు గానీ అందులో కనపడవు. నాలుగు ఇంజన్లలో ఒకటి తరచుగా మొరాయించేది కాబట్టి, ‘ప్రపంచంలోకెల్లా మేలైన మూడింజన్ల విమానం’ అని దీన్ని వేళాకోళం చేసేవారట.

బొమ్మ చూసి తృప్తి తీరనివారు అసలు విమానాన్నే చూడొచ్చు. సిడ్నీకి దక్షిణాన ఆల్బియన్ పార్క్‌లో, పాత విమానాలను బాగుచేసే ‘హార్స్’ సంఘం వారి దగ్గర ఒకటి ఉంది. అమెరికాలో టూసాన్ ఎడారిలో పడి ఉన్నదాన్ని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి బాగుచేసి, 1996లో ఎగురవేసుకుంటూ తెచ్చారు. క్వీన్స్‌లాండ్‌లోని లాంగ్‌రీచ్ క్వాంటాస్ మ్యూజియం వారు 2014లో మనీలాలో ఇంకొకటి కొని, 2017లో ఓడ మీద తెప్పించుకున్నారు. తమాషా ఏమిటంటే ఈ రెండూ క్వాంటాస్ రంగులు వేసుకున్నవే గానీ, క్వాంటాస్‌లో ఒక్కరోజూ పనిచేసినవి కావు. ఇద్దరూ అమెరికా సైన్యం నుంచి వచ్చినవాళ్ళే. నాటకంలో వేషం కట్టినట్టు!

ఇంతవరకూ వింటే ఇదంతా ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ మధ్య నడిచిన కథ అనిపిస్తుంది. పోస్టర్లు అమ్మేవాళ్ళు చెప్పేదీ అదే. కానీ, అదే కాన్‌స్టెలేషన్‌ను మనవాళ్ళూ నడిపారు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి లండన్ బయలుదేరింది. (పాపం, 1950 నవంబరులో అది మాంట్ బ్లాంక్ కొండను ఢీకొని అందులోని 48 మందీ పోయారు.) 1954లో సూపర్ కాన్‌స్టెలేషన్లు కొని మద్రాసు మీదుగా సింగపూరుకు వేశారు. 1956 అక్టోబరులో ఆ సర్వీసును డార్విన్ మీదుగా సిడ్నీ దాకా పొడిగించారు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు కూడా కాలేదు, మన దేశపు విమానం పసిఫిక్ ఒడ్డున దిగింది.

విమానం దిగడానికి అభ్యంతరం లేదు. అందులోంచి దిగిన మనిషి ఇక్కడే కాపురం పెడతానంటేనే కుదరదు. 1901 నాటి వలస నియంత్రణ చట్టం ఇంకా అమల్లో ఉంది. వద్దనుకున్నవాడికి ఒక డిక్టేషన్ పరీక్ష పెట్టేవారు. యాభై మాటలు, భాష ఏదో అధికారి ఇష్టం. 1934లో ఎగాన్ కిష్ అనే రచయితకు చాలా భాషలు వచ్చని తెలిసి స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. అది చెల్లదని హైకోర్టు కొట్టేసింది. ఆ పరీక్ష 1958లో పోయింది. కొలంబో ప్రణాళిక కింద 1950ల్లో మన విద్యార్థులు వచ్చేవారు, చదువు కాగానే తిరిగి వెళ్ళాలి. ఐరోపావారు కానివాళ్ళకు 15 ఏళ్ళు ఉంటే పౌరసత్వం ఇస్తామని 1957లో అన్నారు. 1966లో దాన్ని అయిదేళ్ళు చేశారు. రంగు చూడటం పూర్తిగా మానుకున్నది 1973లో. మన విమానం వచ్చిన 17 ఏళ్ళకు మనుషులకు దారి దొరికిందన్నమాట. ఆ మెరిసే ఫోటోల్లో మన మొహాలు ఎందుకు కనపడవో పిల్లలు అడిగితే చెప్పవలసింది ఇదే. పిల్లలకు క్వాంటాస్ బొమ్మ చూపించి ఊరుకోవడం నా దృష్టిలో సగం చరిత్ర చెప్పడమే.

అందుకని గోడకు ఒక్క విమానమే పెట్టుకోదలిస్తే, తోక దగ్గర ‘వి.టి.’ అక్షరాలున్న సూపర్ కాన్‌స్టెలేషన్‌ను వెతకమంటాను. ఆ రెండక్షరాలూ భారతదేశపు రిజిస్ట్రేషన్, ఆస్ట్రేలియావి ‘వి.హెచ్.’తో మొదలవుతాయి. పాత ఫోటోలు చూడటానికి జాతీయ గ్రంథాలయం వారి ‘ట్రోవ్’ ఉండనే ఉంది. అచ్చు వేయించేముందు ఒక మాట గుర్తుంచుకోండి. ఈ దేశంలో 1955 జనవరి 1కి ముందు తీసిన ఫోటోలకు కాపీరైటు తీరిపోయింది. తరవాత తీసినవాటికి మామూలుగా ఫోటో తీసినవారు పోయాక 70 ఏళ్ళదాకా ఉంటుంది. 1954 నాటి క్వాంటాస్ బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు, 1956లో సిడ్నీలో దిగిన మన విమానం బొమ్మకు మాత్రం అనుమతి కావాలి. రెండేళ్ళలో తప్పిపోయింది!

డబ్బు పెట్టకుండా దొరికేవి ఇంకొన్ని ఉన్నాయి. బేగంపేటలోనో మీనంబాకంలోనో, మెడలో దండతో, చుట్టూ పదిహేనుమంది బంధువులతో నిలబడి తీయించుకున్న ఫోటోలు మన ఆల్బముల్లో ఉన్నాయి. వెనకాల మసకగా ఒక విమానం ఉంటే భూతద్దం పెట్టి తోక మీది అక్షరాలు చదవండి. ఉదాహరణకు ‘వి.టి.-ఇ.బి.డి.’ అని ఉంటే అది 1971లో వచ్చిన ఎయిర్ ఇండియా మొదటి జంబో, ‘ఎంపరర్ అశోక’. 1978 జనవరి 1న బొంబాయి దగ్గర సముద్రంలో కూలిపోయింది కాబట్టి మీ ఫోటో ఆ ఏడేళ్ళలోపుది. సంవత్సరం తేలాక, దండ వేసిన అత్తయ్య పేరూ, పక్కన ఏడుస్తున్న పిల్లవాడి పేరూ వెనకవైపు పెన్సిలుతో రాసి, ఆ తరవాతే ఫ్రేము కట్టించండి.